ఇరవై మూడో నంబరు రాయి

విజ్ఞానశాస్త్రం ఎలా మారుతుందో చెప్పే పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట. ముందు ఒక పాత భావన ఉంటుందట. దానికి లొంగని సాక్ష్యాలు ఒకటొకటిగా పోగుపడతాయట. పోగుపడి పోగుపడి, ఒకనాడు ఆ బరువు ఆగలేక పాతది కూలిపోతుందట, దాని చోట్లో కొత్తది వచ్చి కూర్చుంటుందట. ఎనభైల మొదట్లో ఒక వేసవి శిక్షణ తరగతిలో తత్వశాస్త్రం చెప్పే ఒకాయన నల్లబల్ల మీద బాణాలు గీసి మరీ ఈ సంగతి వివరించాడు. నా చుట్టూ కూర్చున్న లెక్చరర్లందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆ బాణాల మధ్య డిమాన్‌స్ట్రేటర్ అనేవాడు ఎక్కడా లేడు. నాకు తెలిసిన మార్పులో ఉన్నాడు. వాడు నేనే.

డెబ్బైల్లో విశాఖపట్నంలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. కాలేజీ పేరు చెప్పను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పోర్టులో ఎగిరే ఇనుపరాతి దుమ్ముకి మా ఇంట్లో తెల్ల చొక్కా రెండు ఉతుకులకే ఇటుకరంగు తిరిగేది. కొడుకు ఆ దుమ్ములో పడకుండా ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాడని మా అమ్మకి గొప్ప. ఆ ఉద్యోగం గాలిలో దీపమని ఆమెకి తెలియదు. ఏటా వేసవి సెలవుల ముందు మా హెడ్డు నా గురించి ‘పని సంతృప్తికరం’ అని ఒక్క ముక్క రాయాలి. రాస్తే మళ్లీ జూన్‌లో తీసుకుంటారు, రాయకపోతే ఇంటికే. ఎనిమిదేళ్లు ఆ ఒక్క ముక్క కోసం బతికాను.

ఆ ముక్క రాసే హెడ్డంటే నాకు ఆనాడే పడేది కాదు. మనిషి చెడ్డవాడు కాదని ఇప్పటికీ కొందరు నాతో వాదిస్తారు. చెడ్డవాడయినా బాగుండేది, చెడ్డవాణ్ని ఏదో ఒకటి చేసి ఒప్పించవచ్చు. ఈయన దగ్గర గోధుమరంగు అట్ట వేసిన నోట్సు ఒకటి ఉండేది. తాను చదువుకునే రోజుల్లో వాళ్ల గురువు చెబుతుంటే రాసుకున్నది. ఆ గురువు దాన్ని ఒక దొర చెబుతుంటే రాసుకున్నాడు. కాగితం అంచులు ఎండిపోయి, పేజీ తిప్పినప్పుడల్లా బల్ల మీద పొడి రాలేది. ఆ పొడి రాలే నోట్సునే ఆయన ఏటా పిల్లలకి నిదానంగా, కామాతో సహా చెప్పి రాయించేవాడు. మా ల్యాబు కిటికీలోంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. ఊరి చుట్టూ కొండలే. ఆయన వాటిలో ఒక్కదాని మీదికైనా సుత్తి పట్టుకుని వెళ్లగా నేను చూడలేదు.

ఇక మా ల్యాబు సంగతి. మూడు పెద్ద చెక్క ట్రేలు ఉండేవి. కరిగిన ద్రవం చల్లబడి గట్టిపడ్డ అగ్నిశిలలు ఒకదానిలో. ఇసుకా బురదా పేరుకుని గట్టిపడ్డవి రెండోదానిలో. మూడో ట్రేలో రూపాంతర శిలలు, అంటే ముందు ఇంకో రాయిగా ఉండి, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి. ప్రతి రాయి అడుగునా అటెండరు గోరంత తెల్లరంగు పూసి, దాని మీద నల్ల సిరాతో నంబరు వేసేవాడు. పిల్లలు రాళ్లని చదివేవాళ్లు కాదు, నంబర్లని చదివేవాళ్లు. సీనియర్ల దగ్గర నుంచి ఒక చిట్టా వచ్చేది. నాలుగు అంటే గ్రానైటు, తొమ్మిది అంటే ఇసుకరాయి. ప్రాక్టికల్ పరీక్షలో రాయి చేతికి రాగానే ప్రతివాడూ చేసే మొదటి పని దాన్ని బోర్లించి చూడటం. నంబరు కనబడితే మొహంలో వెలుగు వచ్చేది. ఆ తర్వాత రాయి రంగు, బరువు, పలక మీద గీస్తే పడే గీత అన్నీ చిట్టాలోంచి దించేసేవాళ్లు. మేమూ వద్దనలేదు. మేమూ అలాగే ప్యాసయ్యాం.

ఈ చదువు ఎంత దూరం వెళ్లిందో చెబుతాను. ఒక ఏడాది వానలకి ల్యాబు కారి కొన్ని రాళ్ల మీద రంగు ఊడిపోయింది. అటెండరు మళ్లీ పూస్తూ ఎనిమిదికీ పద్దెనిమిదికీ తారుమారు చేశాడు. ఎనిమిది నల్లటి బసాల్టు, పద్దెనిమిది తెల్లటి పాలరాయి. ఆ తర్వాత పెట్టిన టెస్టులో క్లాసుకి క్లాసు తెల్లటి పాలరాయిని అరచేతిలో పెట్టుకుని, ‘రంగు: నలుపు’ అని రాశారు. హెడ్డుగారు ఆ పేపర్లన్నీ దిద్ది టిక్కులు పెట్టారు. ఒక్క పేపరులో మాత్రం ‘రంగు: తెలుపు’ అని ఉంది. దానికి సున్నా చుట్టి, ‘శ్రద్ధ లేదు’ అని ఎర్రసిరాతో రాశారు.

ఆ పేపరు ఎలమంచిలి వైపు నుంచి రోజూ పాసింజరులో వచ్చే అమ్మాయిది. క్లాసులో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె. వాళ్ల నాన్న ఒక కొండ క్వారీలో రాళ్లు కొట్టేవాడు. ఆమె ఆ పేపరూ ఆ రాయీ రెండూ పట్టుకుని తిన్నగా హెడ్డు బల్ల దగ్గరికి వెళ్లి రెంటినీ పక్కపక్కన పెట్టింది. ఆయన రాయి వంక చూశాడు, బోర్లించాడు, నంబరు చూశాడు, మళ్లీ రాయి చూశాడు. తర్వాత అటెండరుని పిలిచి తిట్టాడు. సున్నా మాత్రం దిద్దలేదు. దిద్దితే మిగిలినవన్నీ దిద్దాలి కదా, అని నాతో అన్నాడు. అది ఆయన లెక్కలో న్యాయం.

ఆ రోజు నుంచి నేను ఆ అమ్మాయిని గమనించడం మొదలుపెట్టాను. ఆమె రాయిని బోర్లించేది కాదు. ముందు చేతిలో పెట్టి తూచేది, వెలుగుకి తిప్పేది, పగిలిన అంచు మీద బొటనవేలు రాసేది. అది క్వారీలో నేర్చుకున్న చూపు. ఎమ్మెస్సీ చదివి జియాలజిస్టు అవుతానని అందరికీ చెప్పేది. మా నాన్న కొట్టిన రాళ్లకి పేర్లు పెట్టేది నేనే అనేది. ఎమ్మెస్సీ సీటు కావాలంటే మార్చి పరీక్షల్లోనే గట్టెక్కాలి. సెప్టెంబరులో ప్యాసయిన వాళ్లని ఆ ఏడు తీసుకునేవారు కాదు, మరుసటి ఏడు దాకా ఇంటి దగ్గర కూర్చోబెట్టే స్తోమత వాళ్ల నాన్నకి లేదు. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. తర్వాత తెలియనట్టు నటించాను కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇరవై మూడో నంబరు రాయి అగ్నిశిలల ట్రేలో ఉండేది. మా వైపు కొండల్లో పునాదులకీ రోడ్లకీ కొట్టే నల్లరాయి అది. శాస్త్రంలో చార్నకైట్ అంటారు. గోధుమరంగు నోట్సు ప్రకారం అది భూమి లోపల కరిగిన ద్రవంగా పుట్టి చల్లబడ్డది. హెడ్డుగారు ఆ వాక్యాన్ని చెప్పి రాయిస్తుంటే ఆ అమ్మాయి లేచి, మా కొండలో నల్లరాయి పక్కన ఎర్రచుక్కల రాయి ఉంటుంది, రెండిట్లోనూ పొరలు ఒకే దిక్కున ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నడుస్తాయి, ద్రవం అయితే పొరలెలా వస్తాయి అని అడిగింది. ఎర్రచుక్కల రాయి రూపాంతర శిల అని నోట్సులోనే ఉంది. ఆయన నవ్వి, పరీక్షలో కొండ రాదు, ప్రశ్న వస్తుంది, కూర్చోమన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, పళ్లు కనబడకుండా.

తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చి, ఒక ఆదివారం మీరు వచ్చి చూడండి సార్ అంది. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. బహుశా హెడ్డు తప్పు అని చూడాలనే ఆశతో వెళ్లి ఉంటాను. అది శాస్త్ర జిజ్ఞాస కాదు, కక్ష. మా రంగంలో ఆ రెంటికీ తేడా చెప్పేవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

పాసింజరు దిగి ఇంకా నాలుగు మైళ్లు నడవాలి. క్వారీ గోడ నిలువుగా, రెండు తాటిచెట్ల ఎత్తున ఉంది. దాని మీద నల్లరాయీ ఎర్రచుక్కల రాయీ పక్కపక్కనే పట్టీలుగా ఉన్నాయి, మధ్యలో గీత గీసినట్టు సరిహద్దేమీ లేదు. ఒకటి ఎక్కడ అయిపోయిందో ఇంకోటి ఎక్కడ మొదలయిందో చెప్పలేను. నేను ఆ రాయి మీద అయిదేళ్లు పాఠం చెప్పాను. అది కొండలో ఎలా ఉంటుందో చూడటం అదే మొదటిసారి.

వాళ్ల నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని, నన్ను నీడలో ఒక బండ మీద కూర్చోబెట్టాడు. నన్ను పెద్దవాణ్ని చేసి మాట్లాడుతుంటే నాకు ఇబ్బందిగా ఉంది. కూతురు అడగమంటే అడిగాను, ఈ రెండు రాళ్లూ ఒకటేనా వేరా అని.

“పేర్లు నాకు తెల్దు బాబూ. రాయికో వాటం ఉంటాది. వాటం సూసి కొడితే మాటింటాది, నేకపోతే సేతులు బద్దలైపోతాయి. ఈ నల్లదానికీ ఆ సుక్కలదానికీ వాటం ఒకటే. రెండూ కలిసే పుట్టేయి, కలిసే పగుల్తాయి” అన్నాడు.

అని, లేచి వెళ్లి, రాయి కొట్టే ఉలిని, శానాన్ని, ఆనించి నాలుగు దెబ్బలు వేశాడు. గుప్పెడంత ముక్క చీలి వచ్చింది. సగం నల్లరాయి, సగం ఎర్రచుక్కల రాయి, రెండింటినీ ఒకే పొర దాటుతోంది. దాన్ని తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఇంత తేటతెల్లమైన సాక్ష్యం నేను నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు. నేను మీ పెద్ద సారుకి చూపిస్తాను అని ఆ అమ్మాయికి వాళ్ల నాన్న ముందే మాటిచ్చాను. ఆయన నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు.

సోమవారం ఆ రాయిని సంచిలో పెట్టుకుని ల్యాబుకి వెళ్లాను. సంచిలోంచి తీయలేదు. మంగళవారం కూడా అంతే. అది ఫిబ్రవరి. నా కాగితం ఇంకా హెడ్డు బల్ల మీదే ఉంది, ఆ ఒక్క ముక్క ఇంకా పడలేదు. గురువారం ఆ అమ్మాయి చూపించారా సార్ అని అడిగితే, రాయి ఆమె చేతిలో పెట్టి, నువ్వు చూపిస్తేనే బాగుంటుంది, కనిపెట్టింది నువ్వు కదా అన్నాను. పిరికివాడు కూడా ఎంత మర్యాదగా మాట్లాడగలడో చూడండి. ఆమె నమ్మింది. సంతోషపడింది కూడా.

శుక్రవారం ప్రాక్టికల్స్‌లో ఆమె రాయి తీసి హెడ్డు ముందు పెట్టింది. ఆయన ఎప్పటిలాగే ముందు బోర్లించాడు. నంబరు లేకపోయేసరికి విసుగ్గా మళ్లీ తిరగేశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం భయం లాంటిది కనబడిందని నాకు అనిపించింది, కాని అది నా కక్ష కల్పించినదే కావచ్చు. చివరికి తేలిగ్గా నిట్టూర్చి, నల్లరాయి వేడి ద్రవంగా పైకి వస్తూ దారిలో ఉన్న ఎర్రచుక్కల రాయిని మింగింది, సగం అరిగాక చల్లబడిపోయింది, ఇది అదే అన్నాడు. పొరల సంగతి అడిగితే, మింగినప్పుడు పొరలు కూడా వచ్చాయి అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపిస్తే దాన్ని కూడా కుందేలే మింగిందంటాడు. ఆయన సిద్ధాంతం అంత ఆకలి గలది, ఏ సాక్ష్యం తెచ్చిపెట్టినా తినేసేది.

అంతటితో ఆగినా సరిపోయేది. ఆయన నా వైపు తిరిగి, “ఏమయ్యా, నువ్వేమంటావు?” అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను చూస్తోంది. క్వారీ గోడ నాకు కళ్లకి కట్టినట్టు ఉంది. “అవును సార్, మింగినట్టే ఉంది” అన్నాను.

ఆమె రాయి తీసుకుని పైటకొంగులో చుట్టుకుని తన చోటుకి వెళ్లిపోయింది. నేను క్వారీకి వచ్చానని ఆమె క్లాసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పరువు పోయేది. చెప్పకపోవడం వల్ల పరువు ఉందని కూడా అనను.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష. బయట నుంచి వచ్చిన ఎగ్జామినరు కూడా మా హెడ్డు గురువు శిష్యుడే, ఆయన సంచిలో కూడా ఒక పాత నోట్సు ఉండే ఉంటుంది. ఇరవై మూడో నంబరు వచ్చింది. ఆ అమ్మాయి ‘రూపాంతర శిల’ అని రాసింది. ఊరికే రాసి వదలలేదు, పొరలు ఎలా నడుస్తాయో బొమ్మ గీసింది, రాయి ఏ వాటాన పగులుతుందో రాసింది, క్వారీ ఎక్కడుందో రాసింది. వైవాలో కూడా అదే అడిగారు, అదే చెప్పింది. రెండు చోట్లా సున్నాలు పడ్డాయి. రికార్డుకి మామూలుగా వేసే మార్కులు కూడా కలిపితే ప్యాసుకి మూడు మార్కులు తక్కువ.

రికార్డు మార్కులు నా చేతిలో ఉన్నాయి. ఏడాదంతా రాసిన రికార్డుకి మార్కులు వేసేది డిమాన్‌స్ట్రేటరే, హెడ్డు సంతకం పెడతాడంతే. ఆమె రికార్డు క్లాసులోకల్లా మంచిది. మూడు కాదు, అయిదు ఎక్కువ వేసినా ఎవరూ అడగరు. హెడ్డు కాగితాలు నా ముందుకి తోసి, ఈ అమ్మాయి సంగతి నువ్వే చూడు, నీ అభిప్రాయం ప్రకారమే చెయ్యి అన్నాడు. నా అభిప్రాయం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. మామూలుగా వేసేదాని కంటే ఒక మార్కు తగ్గించి వేశాను, ఆమె వైపు ఉన్నానని ఎవరికీ అనుమానం రాకూడదని. ఆ వారంలోనే నా కాగితం మీద ఆ ఒక్క ముక్క పడింది. మా అమ్మ ఆ రోజు పాయసం చేసింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది, ఓదార్చి పంపించేవాణ్ని.

“నాను రాసింది తప్పేటి సార్?” అంది.

“తప్పే” అన్నాను.

సెప్టెంబరులో ఆమె మళ్లీ రాసింది. ఇరవై మూడో నంబరు మళ్లీ వచ్చింది. ‘అగ్నిశిల’ అని రాసింది, ఒక్క మాట, బొమ్మ లేకుండా. పూర్తి మార్కులు వచ్చాయి. ఎమ్మెస్సీ మాట ఆ తర్వాత వినలేదు. ఆమె ఏమయిందో నేను అడగలేదు, తెలిసినవాళ్లు చెబితే వినే ధైర్యం కూడా లేదు.

ఇప్పుడు విజ్ఞానశాస్త్రం ఎలా మారిందో చెబుతాను, బాణాలు అవసరం లేదు. మూడేళ్ల తర్వాత హెడ్డు రిటైరయ్యాడు. దండలు వేశాం, గోధుమరంగు నోట్సు సంకలో పెట్టుకుని రిక్షా ఎక్కాడు. ఆయన చోట్లోకి ఇంకో ఊరి నుంచి ఒకాయన వచ్చాడు, సంచిలో కొత్త పుస్తకంతో. చేరిన మొదటి వారంలోనే నల్లరాయి పాఠం వచ్చింది. చార్నకైట్ రూపాంతర శిల, భూమి లోతున విపరీతమైన వేడిలో ఇంకో రాయి మారి అయినది, రాసుకోండి అన్నాడు. పిల్లలు రాసుకున్నారు. నిన్నటిదాకా అగ్నిశిల కదా సార్ అని ఒక్కడూ అడగలేదు. సాక్ష్యాలేవీ పోగుపడలేదు, ఏదీ కూలలేదు, ఎవరూ ఏ కొండకీ వెళ్లలేదు. కొత్త హెడ్డు మధ్యాహ్నం నన్ను పిలిచి, ఆ రాయిని అటు మార్చండి అన్నాడు. నేను ఇరవై మూడో నంబరుని తీసి మూడో ట్రేలో పెట్టాను. దూరం మూరెడు. అటెండరు నంబరు మార్చాలా అని అడిగితే వద్దన్నాం, పిల్లల చిట్టా పాడవుతుందని.

ఆ తర్వాత ఒకసారి పాత హెడ్డు ల్యాబుకి వచ్చాడు, పింఛను కాగితాల మీద సంతకం కోసం. చూపు బాగా తగ్గింది. అలవాటుగా ట్రేల దగ్గరికి వెళ్లి చేత్తో తడిమాడు. అగ్నిశిలల ట్రేలో ఖాళీ గూడు తగిలింది. మూడో ట్రేలో వెతికి, బోర్లించి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని నంబరు చూసి, రాయిని తెచ్చి మళ్లీ పాత గూట్లో పెట్టాడు.

“నాకు తెలిసినంతవరకు ఇది ఇక్కడిదే” అన్నాడు నాతో. తిట్టలేదు, వాదించలేదు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ట్రే వంక ఇంకోసారి చూశాడు. ఆయన వెళ్లాక నేను నవ్వుకుని, రాయిని మళ్లీ మార్చేశాను. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు అయింది, నవ్వడానికి భయం లేదు.

తర్వాత కొన్నేళ్లకి నేను లెక్చరరునయ్యాను. ద్వారకా నగర్‌లో సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకి కూడా పాఠాలు చెప్పేవాణ్ని. నల్లరాయి పాఠం వచ్చినప్పుడల్లా పాత హెడ్డుని పేరు చెప్పకుండా వెక్కిరించేవాణ్ని. కొండ ఎక్కని జియాలజిస్టు, రాయిని మింగిన రాయి, పొడి రాలే నోట్సు. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు. క్వారీ గోడని కూడా వర్ణించేవాణ్ని, నేనే వెతికి పట్టుకున్నట్టు. అమ్మాయి సంగతి ఆ కథలో ఉండేది కాదు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఎరుగుతుంది, కాకపోతే ఎరుపు వైపు తిప్పి చూపిస్తుంది.

ఎనభైల చివర్లో ఉక్కునగరంలో ఒక బడిలో సైన్సు ఎగ్జిబిషనుకి జడ్జీగా రమ్మన్నారు. కంపెనీ బస్సులో వెళ్లాను. ఒకే రకం క్వార్టర్లు, సెక్టారు నంబర్లు, షిఫ్టు దిగి వస్తున్న మనుషులు. బడిలో పిల్లలు అట్టముక్కలతో చేసిన ఉక్కు కొలిమి బొమ్మలు చూపించారు. చివరి గదిలో సుద్దముక్కల పెట్టెల నిండా రాళ్లు పేర్చి ఉన్నాయి. వాటి వెనక నిలబడ్డ సైన్సు టీచరు నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆ అమ్మాయే, జుట్టులో నాలుగు తెల్లవెంట్రుకలు తప్ప పెద్ద మార్పు లేదు. బీయీడీ చేసి ఏడేళ్లుగా బళ్లలో చెబుతోందట, ఇప్పుడు ఇక్కడ. వాళ్ల నాన్న పోయాడట, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి.

పిల్లలు బయటికి వెళ్లేదాకా ఆగి, ఎన్నాళ్లుగానో మనసులో తయారుచేసుకున్న మాట చెప్పాను. నువ్వు ఆనాడు రాసిందే ఇప్పుడు మా నోట్సులో ఉంది, ఇరవై మూడో నంబరు రూపాంతర శిలల ట్రేలోకి మారింది, మార్చింది నేనే అన్నాను. ఈ మధ్య మళ్లీ కొందరు వీటిలో కొన్ని అగ్నిశిలలే అయి ఉండొచ్చంటున్నారని, శాస్త్రం అలా మారుతూనే ఉంటుందని, పాత హెడ్డుగారు మాత్రం చచ్చినా మారలేదని కూడా అన్నాను. ఏం ఆశించానో దాచుకోను. ఆమె కళ్లు తడవాలని, పోనీలెండి సార్ అనాలని ఆశించాను.

ఆమె సుద్దపెట్టెలు సర్దుతూ విన్నది.

“ఆ రాయి ఏ ట్రేలోదైతే నాకేటి సార్. రేపు మళ్లీ మార్చుతారు. మారనీండి” అంది. ఒక పెట్టె మూత వేసి, “పెద్ద సారు మీద నాకు కోపం నేదు. ఆయన నమ్మి సున్నా ఏసేరు. మీరు తెలిసి తప్పన్నారు” అంది.

గొంతు పెంచలేదు. పక్క గదిలో ఉన్నవాళ్లకి ఏ పాఠమో చెబుతోందనిపించి ఉంటుంది. పన్నెండేళ్లు నేను ఆ ముసలాయన్ని తిట్టుకున్నాను. ఆయన తడుముకుంటూ వెతికి రాయిని పాత గూట్లో పెట్టడం అప్పుడు గుర్తొచ్చింది. ఆయన దగ్గర ఉన్నది ఒక తప్పు, దాన్ని నిజమనుకుని కడదాకా మోశాడు. నా దగ్గర నిజం ఉండి, నాలుగు రోజులు సంచిలో మోసి, ఆమె చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాను.

నేను రాళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒక పెట్టెలోంచి గుప్పెడంత రాయి తీసి నా చేతిలో పెట్టింది.

“దీన్ని ఏ ట్రేలో పెట్టాల సార్, మా పిల్లలకి సెప్పండి” అంది.

నేను దాన్ని అందుకుని వెంటనే బోర్లించాను. అడుగున ఏమీ లేదు. తెల్లరంగు చెరిగిపోయిందేమోనని వెలుగుకి తిప్పి, పక్కలు కూడా చూశాను. అలా ఎంతసేపు తిప్పానో తెలియదు. తలెత్తేసరికి ఆమె నా చేతుల్నే చూస్తోంది.

“నంబరు ఎయ్యనేదు సార్” అంది.

అప్పుడు రాయి వంక చూశాను. సగం నలుపు, సగం ఎర్రచుక్కలు, రెండింటినీ దాటుతున్న ఒకే పొర, ఒక అంచున శానం దెబ్బ. వాళ్ల నాన్న నా ఎదురుగా కొట్టి, తువ్వాలుతో తుడిచి, నా చేతికే ఇచ్చిన రాయి.